చేతిలో డబ్బుల్లేని టైంలో బ్యాండ్ పెట్టాలా, రోజులు బాగుపడేదాకా ఆగాలా? గోదావరి జిల్లాల సంగతి చెప్తాను

తమ్ముడూ, ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. పెట్టండి, ఇప్పుడే పెట్టండి. రొయ్యల రేటు పడిపోయి ఇళ్లల్లో పరిస్థితి బాలేదు, నలుగురం ఖాళీగా ఉన్నాం, రాక్ బ్యాండ్ పెట్టి సొంత పాటలు చేద్దామని ఉంది, కానీ ఈ టైంలో పెడితే నాలుగు నెలల్లో మూతబడుద్దేమో, కాస్త రోజులు బాగుపడ్డాక మొదలెడదామా అని కదా మీరు అడిగింది. రోజులు బాగుపడ్డాక మీరు పెట్టలేరు. నేను ఆర్కెస్ట్రాల్లో గిటార్ వాయించి, ఆ తర్వాత సౌండ్ సర్వీస్ పెట్టుకుని బతికినవాణ్ని, కోనసీమలోనూ అటు భీమవరం పాలకొల్లు వైపూ బ్యాండ్లు పుట్టడం పోవడం దగ్గరుండి చూసాను, అందులో ఒకటి మాదే. నేను చూసినంతలో కష్టకాలం వల్ల పోయిన బ్యాండ్ ఒక్కటి కూడా లేదు, కష్టకాలం తీరాకే పోయాయి అన్నీ.

ఎందుకో చెప్తాను. మన వైపు పాట అనేది సీజన్ పని. సుబ్బారాయుడి షష్ఠి తీర్థాలతో, అంటే జాతరలతో, మొదలవుద్ది, సంక్రాంతి, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, భీమవరం మావుళ్లమ్మ జాతర, భీష్మ ఏకాదశికి అంతర్వేది, ఈలోపు మాఘం పెళ్లిళ్లు, తర్వాత శ్రీరామనవమి పందిళ్లు, మళ్లీ వినాయకచవితి, దసరా, ఆఖర్న క్రిస్మస్. కాస్త చెయ్యి తిరిగిన డ్రమ్మర్ గానీ కీబోర్డ్ వాడు గానీ ఉంటే వాడికి ఊపిరాడదు, రాత్రంతా ప్రోగ్రాం చేసి తెల్లారి ఇంటికొచ్చి పడుకుంటే సాయంత్రం మళ్లీ వ్యాను ఎక్కాలి. వాయించేవన్నీ సినిమా పాటలే, అదేం తక్కువ పని కాదు, నేను ఆ పని చేసే ఇల్లు కట్టుకున్నాను. కాకపోతే సొంత పాటకి నలుగురు ఒక చోట, ఒకే టైంలో, వరసగా కొన్ని వారాలు కూర్చోవాలి. మంచి రోజుల్లో అది మన వైపు దొరకదు. సార్వా, అంటే ఖరీఫ్ పంట, బాగా పండి, కొబ్బరి రేటు బావుంటే ఊరూరా ప్రోగ్రాములే, ప్రోగ్రాములుంటే బ్యాండ్ ఎక్కడుంటది చెప్పండి.

మా బ్యాండ్ పుట్టింది 1996 తుఫాను తర్వాత. మీరు పుట్టి ఉండరు కాబట్టి చెప్తున్నాను, ఆ ఏడు నవంబరు 6 రాత్రి, దీపావళి ముందు, కాకినాడకి కాస్త దక్షిణాన తీరం దాటింది. వెయ్యి మందికి పైగా పోయారు, భైరవపాలెం లాంటి మత్స్యకారుల ఊళ్లల్లో ఇంటికొక మనిషి చొప్పున పోయినట్టే లెక్క. కోతకొచ్చిన సార్వా వరి నేలకి కరుచుకుపోయింది, కోనసీమలో కొబ్బరిచెట్లు లక్షల్లో పడిపోయాయి. వరి పోతే దాళ్వాకి, అంటే రెండో పంటకి, మళ్లీ నాటుకోవచ్చు, కొబ్బరిమొక్క వేస్తే కాపుకొచ్చేసరికి ఆరేడేళ్లు పడుద్ది, దాని మీద బతికే, చెట్టెక్కి కాయలు దింపే దింపు కార్మికులు, పీచు తీసేవాళ్లు, తాడు పేనేవాళ్లు అందరూ అన్నాళ్లు ఏం తినాలి? ఆ డిసెంబర్లో షష్ఠి తీర్థాలు ఏదో మొక్కుకి జరిపారు గానీ స్టేజీ ప్రోగ్రాముల్లేవు, మాఘం ముహూర్తాలు చాలా ఇళ్లల్లో వాయిదా వేసుకున్నారు. ఆర్కెస్ట్రా వాళ్లందరూ ఇళ్ల దగ్గరే. నేను, పక్కూరి డ్రమ్మర్, చర్చిలో కీబోర్డ్ వాయించే అన్నయ్య, కాకినాడలో చదువు ఆపేసి ఇంటికొచ్చేసిన కుర్రాడొకడు, వాడే మా గాయకుడు. మామూలు రోజులైతే మేం నలుగురం పది నిమిషాలు కలిసి కూర్చునేవాళ్లం కాదు.

రాక్ ఎక్కణ్నుంచి వచ్చిందంటారా, ఆ కుర్రాడు కాకినాడ హాస్టళ్ల నుంచి కాపీ క్యాసెట్లు తెచ్చాడు, కేబుల్ టీవీలో కూడా అప్పటికి ఇంగ్లీషు పాటలొస్తున్నాయి. అయితే గిటారు, డ్రమ్స్ మన వైపు అంతకు ముందు నుంచే ఉన్నాయి, ఈ మాట ఎవరూ చెప్పరు. కాకినాడలో కెనడియన్ బాప్టిస్టులు, రాజమండ్రిలో లూథరన్లు, నరసాపురం వైపు బ్రదరన్ వాళ్లు పందొమ్మిదో శతాబ్దం నుంచి ఉన్నారు, మా చిన్నప్పుడు లంక ఊళ్లల్లో గిటార్ అనేది కళ్లతో చూడాలంటే చర్చిలోనే. మా డ్రమ్ కిట్ కూడా చర్చిదే, ఆదివారం పొద్దున్నకి తిరిగి పెట్టేయాలన్న ఒప్పందం మీద ఇచ్చారు, ఇచ్చిన పాస్టరు గారికి ఇప్పటికీ నేను చేతులెత్తి దణ్ణం పెడతాను.

తుఫాను తర్వాత మా ఊళ్లకి వారాల తరబడి కరెంటు లేదు, స్తంభాలన్నీ పడిపోయాయి. కరెంటు లేదంటే యాంప్ లేదు, కీబోర్డ్ లేదు, మైకు లేదు. ఒక మామూలు గిటారు, ఒక డోలక్, ఒక గొంతు. మా పాటలన్నీ అలా కట్టినవే. తర్వాత కరెంటొచ్చి యాంపులు పెట్టి వాయించినప్పుడు తెలిసింది దాని విలువ, పాటకి నడుం గట్టిగా ఉంది, ఎందుకంటే మైకు లేకుండా నలుగురికి వినపడేలా పాడాల్సొచ్చింది కాబట్టి వరసలన్నీ గొంతుకి తగ్గట్టు కూర్చున్నాయి, ఎఫెక్టుల వెనకాల దాక్కునే చోటు లేదు. మీక్కూడా ఇదే చెప్తున్నాను, పాట పూర్తయ్యేదాకా ప్లగ్ పెట్టకండి. డోలక్ మీద, ఒక్క గిటారు మీద నిలబడని పాటకి డిస్టార్షన్, అంటే గిటార్ శబ్దాన్ని గరుకుగా చేసే ఎఫెక్టు, పెట్టినా ఏం లాభం లేదు.

నడక గురించి కూడా ఒక మాట. రాక్ అంటే నాలుగు దెబ్బల నడకే అనుకుంటారు కుర్రాళ్లు, మన తీర్థాల్లో గరగలు, అదే అమ్మవారి కలశాలు, ఎత్తుకున్నప్పుడు వినండి, మన జానపదాలు వినండి, చాలావరకు తిశ్రంలో నడుస్తాయి, మూడూ ఆరూ. మా డ్రమ్మర్ ఒకరోజు కిక్ డ్రమ్ మీద ఆ ఆరు దెబ్బల నడక వేసి, నన్ను దాని మీద పవర్ కార్డ్స్, అంటే రాక్‌లో గిటార్ మీద గట్టిగా కొట్టే రెండు స్వరాల జోడీలు, కొట్టమన్నాడు. అక్కడే మా బ్యాండ్ మా బ్యాండ్ అయ్యింది. అంతవరకు వేరేవాళ్లని చూసి వాయిస్తున్నట్టుండేది. తెలుగులో రాక్ పాడితే అతకదు అనేవాళ్ల మాట వినకండి, కేరళ వాళ్లు అవియల్ అని బ్యాండ్ పెట్టి 2008లో మలయాళంలోనే ఆల్బం చేసి చూపించారు, వాళ్ల జానపదం వాళ్ల నడకతో సహా. మన యాసకి ఏం తక్కువ?

ప్రాక్టీసుకి చోటు కూడా ఆ కష్టకాలమే ఇచ్చింది. ధాన్యం లేక మిల్లు గోడౌన్లు ఖాళీ, మా మిల్లు ఆసామి వాడుకోండ్రా అని తాళం ఇచ్చేసాడు, మామూలు ఏడైతే బస్తాల మధ్య మనిషి దూరే సందు ఉండేది కాదు. రేకుల కప్పు, ఉత్తి గోడలు, డ్రమ్ ఒక్క దెబ్బ కొడితే రెండు సెకన్లు తిరిగి మోగేది. అందుకని ఉత్తి గోనెసంచులు తెచ్చి తాడు కట్టి, గోడకి జానెడు దూరంలో, రెండు వరసలుగా వేలాడగట్టాం. గోడకి అతికించేస్తే అంత పని చెయ్యదు, వెనకాల గాలి సందు ఉంటేనే శబ్దాన్ని లాక్కుంటుంది. ఈ రోజుకీ ఎవరు ప్రాక్టీసు రూం చెయ్యాలన్నా నేను ఫోం కొనొద్దనే చెప్తాను, గోనెసంచులు చాలు, ఎలకలు రాకుండా మాత్రం చూసుకోవాలి.

ఇక డిస్టార్షన్. దాని పెడల్, అంటే కాలితో నొక్కే పెట్టె, కొనాలంటే మద్రాసు వెళ్లాలి, ఆ డబ్బు ఎవరి దగ్గరుంది. ఊళ్లో రేడియో రిపేరు చేసే బాబాయ్ దగ్గర కూర్చుని, పాత రేడియోల్లోంచి పీకిన రెండు ట్రాన్సిస్టర్లు, కొన్ని రెసిస్టర్లు, ఒక తొమ్మిది వోల్టుల బ్యాటరీతో ఫజ్ సర్క్యూట్ చేయించాం, అదీ ఒక రకం డిస్టార్షనే. ముందు ప్లాస్టిక్ సబ్బుపెట్టెలో పెట్టాడు, గుయ్‌మని ఒకటే హమ్ము, తర్వాత పిల్లల స్టీలు టిఫిన్ బాక్సులోకి మార్చి బాక్సుని జాక్ ఎర్తుకి కలిపేసరికి హమ్ము పోయింది. దాన్ని అహుజా యాంప్‌లోకి ఇస్తే, అది పెళ్లి పందిరి యాంపే కదా, ఆ గరుకుతనం వేరు, ఇప్పుడు వేలు పోసి కొన్న పెడల్స్‌లో కూడా నాకు దొరకలేదు. మూత మీద గీకిన పేరుతో సహా ఆ బాక్సు ఇప్పటికీ నా షాపులో ఉంది, ఎవరడిగినా ఇవ్వను.

జనం ముందు వాయించిన వాటిల్లో చెప్పుకోవాల్సింది ఆ తర్వాత వచ్చిన శ్రీరామనవమి పందిరి. డబ్బుల్లేక ఊరి వాళ్లు ఆర్కెస్ట్రా పెట్టలేదు, భోజనం పెడితే మేం వాయిస్తాం అన్నాం. సినిమా పాటల మధ్యలో మావి కలిపాం. ఒక పాట దింపు కార్మికుల మీద రాసింది, చెట్టున్న రైతుకి చెట్టు లెక్కన నష్టం రాసుకుంటున్నారు, ఆ చెట్టెక్కి బతికేవాడి మాటేంటని.

"పడ్డ సెట్టు లెక్కెట్టుకు పోతన్నావు సారూ
ఎక్కేవోడి పేరు మాత్రం రాయవేంటి సారూ"

ఇంతే పల్లవి. వెనకాల నిలబడ్డ దింపు వాళ్లు రెండోసారి పాడమన్నారు, మూడోసారి మేం పాడక్కర్లేకపోయింది, వాళ్లే అందుకున్నారు, గిటార్ శబ్దం ఎవరికీ వినపడలేదు. ముందు వరసలో కూర్చున్న పెద్దలు కొందరు మొహం మాడ్చుకున్నారు, భక్తి పాటలు పాడండ్రా అని ఒకాయన లేచి వెళ్లిపోయాడు కూడా. అయినా సరే, నేను ఆ తర్వాత వేల మంది ముందు వాయించాను, నా పాటని జనం నా చేతుల్లోంచి లాక్కుని పాడింది ఆ రాత్రే.

మరి ఎందుకు పోయిందంటే, గొడవలేం లేవు. ఏడాది తిరిగేసరికి దాళ్వా, ఆ తర్వాత సార్వా పండాయి, వాయిదా పడ్డ పెళ్లిళ్లన్నీ ఒక్కసారి వచ్చి పడ్డాయి. డ్రమ్మర్‌కి ముగ్గురు చెల్లెళ్లు, పెద్ద ఆర్కెస్ట్రా వాళ్లు సీజన్‌కి అడ్వాన్స్ ఇస్తామంటే ఏం చేస్తాడు, వెళ్లాడు. కీబోర్డ్ అన్నయ్య కువైట్ వీసా వచ్చి వెళ్లిపోయాడు, అప్పట్లో మా ఊళ్ల నుంచి అదే దారి. గాయకుడు హైదరాబాద్. గోడౌన్ ధాన్యంతో నిండిపోయింది, గోనెసంచులు మిల్లు ఆసామి బస్తాలకి వాడుకున్నారు. రోజులు బాగుపడ్డాయి, అందుకని బ్యాండ్ లేదు. దీంట్లో ఏడవాల్సింది నాకేం కనపడదు, చెల్లెళ్ల పెళ్లి చేసినవాడు పాటని మోసం చేసినట్టు కాదు. బ్యాండ్ పదేళ్లు ఉంటేనే బ్యాండ్ అని ఎవరన్నా అంటే నమ్మకండి.

మనకి మిగిలేది టేపు. 1970, 71ల్లో ఇంపీరియల్ టొబాకో కంపెనీ వాళ్లు తమ సిమ్లా సిగరెట్ పేరు మీద సిమ్లా బీట్ అని దేశమంతటికీ బ్యాండ్ల పోటీ పెట్టారు, బొంబాయి, కలకత్తా, మద్రాసు వాళ్లే కాకుండా షిల్లాంగ్, అహ్మదాబాద్ లాంటి చోట్ల నుంచి కూడా కుర్రాళ్లొచ్చారు. ఆ బ్యాండ్లలో చాలావాటికి ఆయుష్షు తక్కువే, అయినా యాభై ఏళ్ల తర్వాత వాళ్ల గిటార్ మనం వింటున్నామంటే పోటీకొచ్చిన పాటలు సిమ్లా బీట్ 70, 71 అని ఎల్పీలుగా వచ్చాయి కాబట్టే. అదే రోజుల్లో వాళ్లకన్నా బాగా వాయించి రికార్డు ఎక్కనివాళ్లు ఎంతమందో, వాళ్ల గురించి ఎవరికీ ఏం తెలీదు.

మేం రెండు క్యాసెట్ డెక్కులతో చేసాం. ఒక డెక్కులో డ్రమ్స్, గిటారు రికార్డ్ చేసి, దాన్ని స్పీకర్లో ప్లే చేస్తూ పక్కన కీబోర్డ్ వాయించి రెండో డెక్కులోకి ఎక్కించడం, మళ్లీ దాన్ని ప్లే చేస్తూ గొంతు. ప్రతి కాపీకి హిస్సు పెరుగుద్ది, ముందెక్కించింది మసకబారుద్ది, అందుకే గొంతు ఆఖర్న పెట్టుకున్నాం, మాట స్పష్టంగా ఉండాలని. అలా టేపు ఎక్కినవి కొన్నే, అవి ఇప్పటికీ ఉన్నాయి, కువైట్ అన్నయ్య పిల్లలు వింటున్నారు. ఎక్కనివి మా నలుగురి నోళ్లల్లో ముక్కలు ముక్కలుగా ఉన్నాయి, ఒకడి చరణం ఇంకొకడికి గుర్తు లేదు.

కాబట్టి మీరు చెయ్యాల్సింది. పాట కట్టడం అయిన రోజే నలుగురూ కలిసి వాయించి ఫోన్లో రికార్డ్ చెయ్యండి, ఎవరు ఎంత తప్పు వాయించినా సరే. ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, నేల మీద కాకుండా స్టూల్ మీద ఛాతీ ఎత్తున పెట్టండి, గాయకుడు దానికి దగ్గర, గిటార్ యాంప్ కాస్త దూరం, డ్రమ్స్ అందరికన్నా దూరం. మైకు ఒక్కటే అయినప్పుడు మనుషుల దూరమే మిక్సింగ్, అడుగు ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ నాలుగైదు సార్లు విని సెట్ చేసుకోండి, యాప్‌లో వేవ్ (WAV) ఫార్మాట్, అంటే శబ్దాన్ని కుదించకుండా దాచేది, ఉంటే అది పెట్టండి. తర్వాత డబ్బులుంటే రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్, అంటే మైకునీ గిటార్‌నీ కంప్యూటర్‌కి కలిపే పెట్టె, కొనుక్కుని మళ్లీ శుభ్రంగా చేసుకోవచ్చు, లేకపోయినా మొదటిది ఉంటుంది. మూడు చోట్ల దాచండి.

అదే రోజు ఒక నోట్‌బుక్‌లో పాట ఎవరు రాసారు, వరస ఎవరు కట్టారు రాసి నలుగురూ సంతకం పెట్టండి. స్నేహితులం మాకెందుకు అనుకోకండి. మన కాపీరైట్ చట్టంలో రాసినవాళ్ల హక్కు వాళ్లు పోయిన తర్వాత కూడా 60 ఏళ్లు ఉంటుంది, అంటే మీ మనవళ్ల దాకా వెళ్లే సంగతి, రేపు యూట్యూబ్‌లో ఏ పాటన్నా నాలుగు రూపాయలు తెస్తే గొడవ లేకుండా ఉంటది.

సామాను సంగతి. మన గాలిలో ఉప్పు, తేమ రెండూ ఎక్కువ, స్ట్రింగ్స్ తొందరగా తుప్పు పడతాయి. వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డతో తుడవండి, కవర్లో సిలికా జెల్ పొట్లాలు వెయ్యండి, వానాకాలంలో గిటార్ గోడకి తగిలించకండి. బేస్ స్ట్రింగ్స్ మొద్దుబారితే కొత్తవి కొనే ముందు ఊడదీసి నీళ్లల్లో పది నిమిషాలు మరగబెట్టి పూర్తిగా ఆరబెట్టి ఎక్కించండి, ఇంకొన్నాళ్లు మోగుతాయి.

అన్నిటికన్నా ముఖ్యం ఎర్తింగ్. చెరువు గట్ల దగ్గర షెడ్డులో ప్రాక్టీసు అన్నారు, నేల ఎప్పుడూ తడే, మీరు ఉత్తి కాళ్లతో ఉంటారు. గిటార్ యాంప్ ఒక లైను, మైకు యాంప్ ఇంకో లైను మీద ఉంటే, ఒకదానికి ఎర్త్ సరిగ్గా లేకపోతే, చేతిలో స్ట్రింగ్స్‌కీ మూతి దగ్గర మైకుకీ మధ్య కరెంటు మీ ఒంట్లోంచి పోద్ది. పెదాలకి చిన్నగా చురుక్కుమంటే అది హెచ్చరిక, నవ్వుకుని వదిలెయ్యకండి, అక్కడితో ఆపేసి మెయిన్ కట్టేయండి. అన్నీ ఒకే బోర్డు నుంచి తియ్యండి, మూడు పిన్నుల ప్లగ్గులే వాడండి, హమ్ము వస్తుందని ఎర్త్ పిన్ను విరిచేసేవాడెవడైనా ఉంటే వాణ్ని సామాను ముట్టుకోనివ్వకండి. లైనుకి 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్, ఒకటి పెట్టించండి, కొత్త గిటార్ కన్నా ముందు కొనాల్సింది అది. ఏరియేటర్లు, అదే చెరువు నీళ్లల్లో గాలి కలిపే మోటార్లు, నడిచే లైను మీంచే కరెంటు తీస్తున్నట్టయితే వోల్టేజీ ఎగిరి పడుతుంటది, స్టెబిలైజర్ లేకుండా కీబోర్డ్ ఆన్ చెయ్యకండి.

బయట వాయించేటప్పుడు రాత్రి పదికి లౌడ్ స్పీకర్లు ఆపాలి, 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు అవి, స్టేషన్లో పర్మిషన్ కాయితం ముందే తీసుకోండి. సినిమా పాటలు వాయించనని బిగుసుకోవద్దు, రెండు సినిమా పాటలకి మధ్య మీదొకటి పెడితే జనం వింటారు, మీ పాటల్నే వరసగా వేస్తే కుర్చీలు ఖాళీ అవుతాయి. మీ ఊళ్లో వాళ్ల బతుకు మీద ఉన్న పాట మాత్రం ముందు పెట్టండి, చెరువుల మీద పనిచేసే కుర్రాళ్లు, మేత బస్తాలు మోసేవాళ్లు, రొయ్య తల వొలిచే ఆడవాళ్లు, వాళ్ల గురించి ఎవరూ పాడట్లేదు.

వచ్చే షష్ఠి తీర్థాలకి బుకింగులు మొదలయ్యేలోపు పాటలన్నీ రికార్డు అయిపోవాలి, ఆ తర్వాత మీ డ్రమ్మర్‌ని ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు, అప్పుడు తిట్టుకోకుండా పంపించండి. ఈలోపు షెడ్డులో కరెంటు బోర్డు, ప్లగ్గులు, ఎర్త్ వైరు ఎక్కడికి పోతుందో కనపడేలా ఫొటోలు తీసి పెట్టండి, చూసి చెప్తాను. అది చూసేదాకా మైకు ఆన్ చెయ్యొద్దు.